గరాజ్‌లో పెద్దలు, మేడమీద పిల్లలు

మే నెలాఖరు వచ్చిందంటే మా డాలస్ చుట్టుపక్కల శనివారాలన్నీ గ్రాడ్యుయేషన్ పార్టీలకే సరిపోతాయి. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్, ఎటు వెళ్లినా ఇంటిముందు పచ్చికలో పిల్లవాడి ఫొటోతో బోర్డు, వీధి పొడవునా కార్లు. హైస్కూల్ పూర్తయిందని మనవాళ్లు చేసే హడావుడి చిన్నసైజు పెళ్లికి తీసిపోదు. అక్కడికక్కడ వేసిచ్చే దోసెలు, బిర్యానీ ట్రేలు, ఉయ్యాలనాటి నుంచీ ఫొటోల స్లైడ్‌షో. ఎవరూ చెప్పకుండానే జనం మూడుగా విడిపోతారు: ఆడవాళ్లు హాల్లో, మగవాళ్లు గరాజ్‌లో, పిల్లలు మేడమీద గేమ్ రూమ్‌లో.

గరాజ్ సంగతి చెప్పుకోవాలి. కార్లు బయటపెట్టి, మడత బల్ల వేసి, దానిమీద స్కాచ్ సీసాలు పేరుస్తారు. పక్కన ఐసులో మునిగిన బీర్లు, చికెన్ పకోడీ, ఉల్లిపాయ ముక్కలు చల్లిన పల్లీలు. తాగడానికి ఎర్ర ప్లాస్టిక్ గ్లాసులు. మేడమీద పిల్లల కోక్‌కీ అవే గ్లాసులు. ఐసు కోసం కిందికి దిగిన కుర్రాడు పైకి ఏం పట్టుకెళ్లాడో చూసే నాథుడుండడు. పైగా ప్రతి పార్టీలోనూ ఉత్సాహం ఎక్కువైన అంకుల్ ఒకరు తప్పనిసరి. "కాలేజీకి పోతున్నావు, ఇంకా పసిపిల్లాడివేంట్రా? ఒక్క గుక్క వెయ్" అంటాడు. నలుగురూ నవ్వుతారు. తండ్రి ఏమీ అనలేక తనూ నవ్వుతాడు.

టెక్సస్‌లో ఆ గుక్క ఖరీదైనది. 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం ఇస్తే 4,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. తల్లిదండ్రులు తమ కళ్లెదుట తమ బిడ్డకి ఇవ్వొచ్చని ఇక్కడి చట్టంలో మినహాయింపు ఉంది. మనవాళ్లకి చట్టంలో ఈ ఒక్క ముక్కే బాగా గుర్తుంటుంది. అది సొంత బిడ్డ వరకే, స్నేహితుడి కొడుక్కి వర్తించదు. "ఎలాగూ తాగుతారు, మనింట్లో తాగితే నయం, తాళాలు లాక్కుంటే సరి" అనే వాదన బాగా చదువుకున్నవాళ్ల నోటే విన్నాను. నాకది మింగుడు పడదు. పరాయి పిల్లల విషయంలో ఆ నిర్ణయం తీసుకోవడానికి మనమెవరం?

ఇక బండి నడపడం. పెద్దవాళ్లకి రక్తంలో 0.08 శాతం అనే హద్దుంది. 21 లోపువాళ్లకి టెక్సస్‌లో హద్దే లేదు, మద్యం ఆనవాలు కనిపిస్తే చాలు, కేసు. మజ్జిగ తాగించి, నిమ్మకాయ పిండి, తలమీద చన్నీళ్లు పోస్తే మత్తు దిగిపోతుందన్న నమ్మకం మనతోపాటు విమానమెక్కి వచ్చింది. కాలేయం దేనికీ తొందరపడదు, గంటలు గడవాల్సిందే. వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, శిక్ష పడకముందే వీసా రద్దుచేసే పద్ధతిని అమెరికా విదేశాంగ శాఖ 2015లో తెచ్చింది. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాని ఆనుకుని హెచ్-4 మీద ఉన్న పిల్లలకీ ఆ ముప్పు తప్పదు. ప్రాణం పోతుందంటే తలూపి ఊరుకునేవాళ్లు కూడా వీసా పోతుందనేసరికి గ్లాసు కిందపెట్టి వింటారు. అదీ మన సంగతి!

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. పార్టీ అయ్యాక పిల్లలు ఇంకో స్నేహితుడి ఇంటికి వెళ్తారు. అక్కడ బండి నడపాల్సినవాడు తాగాడనుకోండి, మనవాడు ఎవరికి ఫోన్ చెయ్యాలి? "మావాడు అలాంటివాడు కాదు" అని ఊరంతా చెప్పుకునే తండ్రికి చెయ్యడానికి నోరు రాదు. ధైర్యంచేసి చేసినా, ఆ తండ్రి గరాజ్‌లో మూడో పెగ్గు మీద ఉంటాడు. తీసుకురావడానికి తనే బండెక్కే స్థితిలో ఉండడు. 1981లో మసాచుసెట్స్‌లో మొదలైన విద్యార్థుల సంస్థ 'శాడ్' ఇందుకోసమే తల్లిదండ్రులకీ పిల్లలకీ మధ్య ఒక ఒప్పంద పత్రం తయారుచేసింది. ఏ వేళకైనా ఫోన్ చేస్తానని బిడ్డ, వచ్చి తీసుకెళ్తాను, ఆ రాత్రి నిలదీయను అని తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. తిట్లు తెల్లారాక తిట్టుకోవచ్చు.

ఆ రాత్రి పిల్లలు ఇళ్లంట తిరగకుండా చూసే దారి కూడా ఒకటుంది. 1979లో మెయిన్ రాష్ట్రంలో గ్రాడ్యుయేషన్ రోజుల్లో తాగుడు, మత్తుమందుల వల్ల పిల్లలు చనిపోతే, మరుసటేడు అక్కడివాళ్లు మద్యం లేని వేడుకకు పూనుకున్నారు. అదే 'ప్రాజెక్ట్ గ్రాడ్యుయేషన్'గా దేశమంతా పాకింది. మా దగ్గరి స్కూల్లో రాత్రంతా జరుగుతుంది. లోపలికొచ్చినవాళ్లు మధ్యలో వెళ్తామంటే ఇంటికి ఫోన్ చేస్తారు. ఉత్తుత్తి డబ్బుతో పేకాట, బహుమతుల లాటరీ, పిజ్జా. మూడింటికల్లా సగంమంది జిమ్ నేలమీద గౌన్లు తలకింద పెట్టుకుని నిద్రపోతుంటారు. నడిపేదంతా తల్లిదండ్రులే. అక్కడ మన పిల్లలు బోలెడంతమంది కనిపిస్తారు, మన పెద్దలే కనపడరు.

వచ్చే మేలో మీ ఇంట్లో పార్టీ ఉంటే ఆ ఒక్కపూటా గరాజ్ బల్ల మానెయ్యండి. అంత పట్టుదల కుదరకపోతే, చుక్క ముట్టకుండా కారు తాళాలు పట్టుకు కూర్చునే పెద్దమనిషిని ఒకరిని ముందే ఒప్పించి, ఆయన నంబరు పిల్లలందరి ఫోన్లలో ఎక్కించండి. స్కూల్ వేడుకలో రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఉండే షిఫ్టుకి మనుషులు దొరక్క అల్లాడుతుంటారు, దానికి మీ పేరివ్వండి.