సీటుకీ ఎక్స్‌పైరీనా?

మా క్లబ్ సర్క్యూట్ రేసింగ్ కారుకి సీటు కొందామనగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "మెత్తగా ఉందా?" నేను మాత్రం నడుం దగ్గర బిగుతుగా పడుతుందా అని చూశాను. మలుపులో ఒళ్లు పక్కకి జారుతుంటే డ్రైవర్ స్టీరింగ్ పట్టుకుని వేలాడతాడు, ఇక కారేం నడుపుతాడు? మందపాటి ఫోమ్ ఇంకా ప్రమాదం. గుద్దుకున్నప్పుడు అది అణిగిపోతుంది, బెల్టు వదులవుతుంది. కాళ్ల మధ్య బెల్టుకి సీటులో రంధ్రం కూడా ఉండాలి, లేకపోతే మనిషి నడుం బెల్టు కిందికి జారిపోతాడు.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా ఒకటి దొరికింది. లేబుల్ మీద ఎఫ్‌ఐఏ 8855-1999. ఆ రకానికి మామూలుగా తయారీ నుంచి 5 ఏళ్లే గడువు. అది ఎప్పుడో దాటిపోయింది.

"సీటుకి ఎక్స్‌పైరీ ఏంట్రా, పాల ప్యాకెట్టా?" అని నవ్వారు. నవ్వుకోనీ. అందులో కూర్చోబోయేది నా రూమ్మేట్. వద్దన్నాను.

కొత్తదానికి ఇంకా చందాలు పోగవుతున్నాయి. కారు షెడ్డులోనే ఉంది.