సాలీడు మీద నేరం

ఒంటి మీద పొక్కు లేస్తే మా గిద్దలూరు వైపు నేరస్థుడెవరో ఆసుపత్రికి రాకముందే తేలిపోతుంది. "సాలెపురుగు పాకింది సార్" అంటారు. చూశారా అని అడిగితే చూసినవాళ్లు అరుదు. నిద్దట్లో పాకిందంటారు, అంతే.

వానాకాలంలో చేల పక్క ఇళ్ల నుంచి మెడ మీదో చెంప మీదో పొడవాటి ఎర్రటి చార, దాని మీద నీటిపొక్కులతో వస్తారు. అది సాలీడు పని కాదు. రాత్రి లైటు చుట్టూ మూగే పురుగుల్లో నలుపు, నారింజ పట్టీలున్న సన్నటి పెంకుపురుగు ఒకటి ఉంటుంది. అది కరవదు, కుట్టదు. మెడ మీద వాలినప్పుడు మనమే నలిపేస్తాం. దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసం చర్మాన్ని కాలుస్తుంది. మంట మర్నాటికిగానీ తెలియదు కనుక పురుగు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇక నడుముకి ఒక పక్కనే పట్టీలా పొక్కులొస్తే అది సర్పి. ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరస్సే నరంలో దాగి మళ్లీ లేచిందన్నమాట. మూడు రోజుల్లోపు వస్తే మంచి మందుంది. చాలామంది పసర్లు పూయడం అయ్యాకే వస్తారు.

ఈ రెండిటికీ సాధారణంగా ప్రాణభయం లేదు. సాలీడు పేరు చాటున దాక్కునే మరో రెండు జబ్బులున్నాయి, నా భయమంతా వాటితోనే.

ఒకసారి పశువులకు గడ్డి కోసుకొచ్చే ఒకావిడని తీసుకొచ్చారు. వారంగా జ్వరం, తలనొప్పి, కొత్తగా ఆయాసం. టైఫాయిడ్ అని ఎక్కడో మందులు వాడారు, తగ్గలేదు. నేను రాసుకుంటుంటే కోడలు మాటవరసకి అంది, "చంకలో సాలెపురుగు కరిచింది సార్, అదేం నొప్పి లేదులే." ఆ నొప్పి లేకపోవడమే అసలు సంగతి. చెయ్యెత్తించి చూస్తే సిగరెట్టు ఆర్పినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు. స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి ఆనని పురుగుపిల్ల కుట్టిన గుర్తది. జ్వరం తెచ్చే సూక్ష్మజీవి ఆ కాటులోంచే లోపలికి వెళ్తుంది. డాక్సీసైక్లిన్ మొదలుపెడితే మూడో రోజుకి లేచి కూర్చుని కాఫీ అడిగింది. చాలా చవకైన మందు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని మనిషే పోవచ్చు. ఆ నల్లటి చెక్కు చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, లంగా బొందు కట్టే చోట ఉంటుంది. సిగ్గుపడి చూపించరు. అందుకే అంతుపట్టని జ్వరమైతే నర్సమ్మని పంపి వెతికిస్తాను. అందరికీ ఆ చెక్కు ఉండదు కూడా.

రెండోది ఇంకా తొందరది. కింద చాప మీద పడుకున్న కుర్రాడికి తెల్లవారుజామున కడుపునొప్పి. చేతికేదో కుట్టింది, సాలెపురుగై ఉంటుందని తల్లి అంది. చేతి మీద వాపు లేదు, గాటు కనబడలేదు. కానీ రెప్పలు వాలుతున్నాయి, మింగడం కష్టంగా ఉంది. కట్లపాము కాటు ఇలాగే ఉంటుంది. రాత్రిపూట, నిద్రలో, నొప్పి పెద్దగా లేకుండా. పాము విషానికి మందు మొదలుపెట్టి, దారిలో ఊపిరి ఆగితే అంబూ బ్యాగు నొక్కేందుకు మనిషినిచ్చి, వెంటిలేటరున్న పెద్దాసుపత్రికి పంపాం. బతికాడు.

అలాగని సాలీళ్లకి విషం లేదనను. దాదాపు అన్నిటికీ ఉంది. ఈగల్ని, దోమల్ని పడగొట్టడానికది చాలు. ఇళ్లలో తిరిగే వాటిలో చాలావాటి కోరలు మన చర్మంలో సరిగా దిగను కూడా దిగవు. మన దగ్గర దొరికే పాము విషపు మందు నాలుగు పాములకే పనిచేస్తుంది. సాలీడు కరిచిందని దాన్ని ఎక్కిస్తే ఫలితం ఉండదు, రియాక్షన్ ప్రమాదం మాత్రం మిగులుతుంది.

నల్లమల చెట్ల తొర్రల్లో ఉండే పెద్ద బొచ్చు సాలీళ్ల సంగతి వేరు. తేనె కోసం తొర్రలో చెయ్యి పెట్టి ఒకతను కరిపించుకున్నాడు. చెయ్యి వాచింది, తర్వాత పిక్కలు పట్టేశాయి. నొప్పి మాత్రలు, కండరాలు సడలే మందు, పరిశీలన, అంతే వైద్యం. తగ్గింది. వాటిలో నీలిరంగుది ఒకటుంది. 1899లో గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికిన దాన్ని చూసి పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. మళ్లీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలోనే కనబడింది. విదేశాల్లో దాన్ని డబ్బు పోసి కొని పెంచుకుంటారు. అంతరించే దశలో ఉంది, చంపొద్దని మా పేషెంట్లకి చెబుతుంటాను. సగం మంది నవ్వుతారు.

"ఏం స్ప్రే కొట్టమంటారు సార్?" అని ప్రతివాళ్లూ అడుగుతారు. స్ప్రేతో లాభం తక్కువ. గోడ మీద ఎండిన మందు సన్నటి కాళ్ల మీద నడిచే సాలీడుకి అంతగా అంటదు. బూజుకర్ర నయం. గోడవార పేర్చిన కట్టెలు, ఇటుకలు, పాత గోనెలు తీసెయ్యాలి. బూట్లు దులుపుకొని వేసుకోవాలి, సాలీడు కంటే తేలు కోసం. బాత్రూంలో అరచేయంత వెడల్పున, పొట్ట కింద తెల్లటి గుడ్ల బిళ్ల మోస్తూ కనిపించేది బొద్దింకల్ని తింటుంది, దాన్ని వదిలెయ్యొచ్చు. వీధి లైటు గుమ్మానికి దూరంగా పెడితే పెంకుపురుగులు తగ్గుతాయి. నాలుగు డబ్బులుంటే స్ప్రే మానేసి మంచం, దోమతెర కొనమంటాను. తెర అంచులు పరుపు కిందకి దోపితే దోమతోపాటు కట్లపామూ లోపలికి రాదు.