పడవ ఇంజనుకు సీళ్ళు మార్చుకున్నాం

పడవ ఇంజను గేరుపెట్టెలో ఆయిలు తేనె రంగులో ఉండాలి. పాలు పోసిన టీ రంగుకు తిరిగిందంటే లోపలికి ఉప్పునీళ్ళు వెళ్తున్నట్టే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఈ ఏడు ఆ రోజుల్లో మార్కండిలో మా చిన్నాన్న ఇంజను కింది స్క్రూ విప్పితే ఆ టీయే కారింది.

బరంపురంలో ఒక షాపులో చూపిస్తే గేరుపెట్టె మొత్తం మార్చాలన్నారు. ధర విన్నాక చిన్నాన్న నోట మాట రాలేదు. పడవ మీద అప్పటికే అప్పుంది. ఇంజను లేకపోతే మా తమ్ముడు కూడా ఊళ్ళో కుర్రాళ్ళతో కలిసి కేరళ బోట్ల మీదికి కూలికి పోవాల్సిందే. జట్టు కట్టే మనిషి రెండుసార్లు ఫోను చేసేశాడు. సరే, ముందు ఇంట్లోనే విప్పి చూద్దామనుకున్నాం.

తమ్ముడికి ధైర్యం వచ్చింది ఒక వీడియో వల్ల. ఎవరో విదేశీయుడు తన స్పోర్ట్స్ కారుని ఇంటి షెడ్డులో జాకీల మీద లేపి, కారుతున్న ట్రాన్సాక్సిల్ సీళ్ళు మార్చుకుంటున్నాడు.

"కారికీ పడవకీ ఏటిరా సంబంధం?" అన్నాడు చిన్నాన్న.

సంబంధం ఉంది. ట్రాన్సాక్సిల్ అంటే గేరుబాక్సు, డిఫరెన్షియల్ రెండూ ఒకే పెట్టెలో ఉండేది. పోర్షే 944 లాంటి కార్లలో ఇంజను ముందుంటే ఈ పెట్టె వెనకుంటుంది. చక్రాలకు తిప్పుడు అందించే షాఫ్టులు పెట్టె గోడలోంచి బయటికి రావాలి. అలా వచ్చే ప్రతిచోటా ఒక రబ్బరు సీలు ఉంటుంది. మన ఇంజనులోనూ అంతే. పైనుంచి నిలువు షాఫ్టు దిగుతుంది, కింద పళ్ళచక్రాలు ఆ తిప్పుడుని అడ్డంగా మళ్ళిస్తాయి, అడ్డ షాఫ్టు బయటికొచ్చి ప్రొపెల్లరుని తిప్పుతుంది. తేడా ఒక్కటే. కారులో సీలు పోతే ఆయిలు బయటికి కారుతుంది. పడవలో ఆయిలు బయటికి పోవడమే కాదు, సముద్రం లోపలికొస్తుంది. ఆయిలు జిగట పోయి బేరింగులు తుప్పు పడతాయి. కారు ఆగితే రోడ్డు పక్కకి తోసుకోవచ్చు. సముద్రం మధ్యలో గేరు పట్టేస్తే తెడ్డే గతి, అదీ ఒడ్డు దగ్గర కెరటం దాటాలి.

ప్రొపెల్లరు ఊడదీయగానే దొంగ దొరికాడు. షాఫ్టుకి నైలాను వలదారం నాలుగైదు చుట్లు బిగుసుకుని సీలు పెదవిని కోసేసింది. పళ్ళచక్రాలు మాత్రం బాగానే ఉన్నాయి. కిందికి కారిన ఆయిలుని గుడ్డలో వడకట్టి చూశాం, ఇనుప రజను లేదు. ఇక మొత్తం పెట్టె మార్చే పనేముంది?

తమ్ముడు చేసిన పనంతా వరసగా ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. వాడు చదివింది ఒడియా బడి. అందుకే మాటలు తెలుగువి, అక్షరాలు ఒడియావి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ తీరం మద్రాసు రాజధానిలోదే. ఆ తర్వాత తెలుగు మా ఇళ్ళలో నోటికి మిగిలింది, చేతికి మిగల్లేదు. దాన్నే ఇక్కడ తెలుగు అక్షరాల్లోకి ఎక్కిస్తున్నాను:

"ముందు ప్లగ్గు వైరు పీకాలి. అప్పుడే ప్రొపెల్లరు మీద చెయ్యెయ్యాలి. కింది స్క్రూ, పై స్క్రూ రెండూ విప్పితే ఆయిలు దిగిపోద్ది. సీలు ఊడదీసేముందు దాని పెదవి ఎటు తిరిగుందో ఫోటో తియ్యాలి, కొత్తది కూడా అటే తిప్పి పెట్టాలి. సీలు మీద అంకెలుంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం, అన్నీ మిల్లీమీటర్లు. వాటిని చూపించే కొనాలి. షాఫ్టు మీద గోరుతో గీసి చూడాలి. గాడి తగిలితే కొత్త సీలు కూడా నిలవదు. పెదవికి గ్రీసు రాయాలి. సుత్తితో నేరుగా కొట్టకూడదు, సీలంత వెడల్పు గొట్టం ఆనించి నిదానంగా దించాలి. ఓ-రింగు పాతది వెయ్యొద్దు. విప్పాం కాబట్టి నీళ్ళ పంపు రెక్కల రబ్బరు కూడా మార్చెయ్యాలి."

ఉప్పుకి బోల్టులు పట్టేసి ఒక రోజంతా అక్కడే పోయింది. తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా నానబెడితే తెల్లారి కదిలాయి.

బిగించాక ఆయిలు పొయ్యకముందు, పై స్క్రూ కన్నంలోంచి సైకిలు పంపుతో కొద్దిగా గాలి పెట్టి పెట్టెని నీళ్ళ డ్రమ్ములో ముంచాం. ముగ్గురం వంగి చూశాం. ఒక్క బుడగా లేదు. అప్పుడు కింది కన్నంలోంచి గేరు ఆయిలు ఎక్కించాం. పైనుంచి పోస్తే లోపల గాలి ఉండిపోతుంది. పై కన్నంలోంచి ఆయిలు పొంగాక ముందు పైది, తర్వాత కిందిది బిగించాలి.

డ్రమ్ము దగ్గరే చిన్నాన్న తాత సంగతి చెప్పాడు. గోపాలపురం రేవులో ఓడలు దూరంగా లంగరేస్తే పడవలే సరుకుని ఒడ్డుకి చేర్చేవి. వాటికి మేకులుండవు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి, కుట్టు కింద పీచు కూరేవారు. కెరటం కొడితే విరక్కుండా వంగేవి. "అప్పుడు నీళ్ళాపింది పీచు, ఇప్పుడు రబ్బరు. రెండూ ఏడాదేడాదికీ చూసుకోవాల్సిందే," అన్నాడు.

నిషేధం అయ్యాక పది వేటలకి కింది స్క్రూ మళ్ళీ వదులు చేసి చూశాం. తేనె రంగే. కేరళ జట్టు ఈసారి తమ్ముడు లేకుండానే బయల్దేరింది. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడే. వాడు మాత్రం ఇప్పుడు వేట నుంచి రాగానే ప్రొపెల్లరు వెనక వేలు పెట్టి దారం ఉందేమో తడుముతున్నాడు. మన వాళ్ళెవరికైనా పడవుంటే ఆ ఒక్క అలవాటు నేర్పండి, చాలు.