అద్దంలో తిప్పి కోసే అక్షరాలు



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి టీషర్టులు ఎట్లా కొట్టించాలని చాలామంది అడుగుతున్నరు. డిగ్రీ చదువుకుంటూ రెండేళ్లుగా సాయంత్రాలు ఒక ప్రింటింగ్ షాపులో పనిచేస్తున్న. అందుకే కొంచెం వివరంగా రాస్తున్న, ఓపికగా చదవండి.

పది, ఇరవై టీషర్టులకు స్క్రీన్ ప్రింటింగ్ గిట్టుబాటు కాదు. వినైల్ కట్టర్‌తో అక్షరాలు కోసి, హీట్ ప్రెస్‌తో అతికించడమే మేలు. అందులో నాకు ఇష్టమైంది ఫ్లాక్. పొట్టి పొట్టి పోగులు నిలబెట్టి చేసిన షీటు అది, తాకితే మఖ్మల్ లెక్క ఉంటది. ఒక వైపు ప్లాస్టిక్ పొర, ఇంకో వైపు వేడికి కరిగే జిగురు.

మామూలు వినైల్ కన్నా మందం కాబట్టి 60 డిగ్రీల బ్లేడు వాడుతం. ఫ్లాక్ పూర్తిగా తెగాలి, ప్లాస్టిక్ పొర మాత్రం తెగొద్దు. అందుకే ముందు ఒక మూలకు చిన్న గడి కోసి చూస్తం. తర్వాత అక్షరాల చుట్టూ ఉన్న అదనపు ముక్కలు పీకేయాలి. దీన్ని షాపులో వీడింగ్ అంటరు. పత్తి చేన్లో పెరిగిన మనకు అదేం కొత్త కాదు, కలుపు తీసుడే. మరీ సన్నని గీతలుంటే మాత్రం కలుపుతో పాటు మొక్క లేచినట్టు అక్షరమూ లేచొస్తది. ఆఖరికి కాటన్ టీషర్టు మీద పెట్టి 155 డిగ్రీల దగ్గర 15, 20 సెకన్లు ఒత్తుతం. కంపెనీని బట్టి ఈ లెక్క కొంచెం మారుతది.

అసలు సంగతి ఇది. జిగురు వైపు నుంచి కోస్తం కాబట్టి డిజైన్‌ను కంప్యూటర్‌లో అద్దంలో కనబడినట్టు తిప్పాలి. తిప్పకపోతే టీషర్టు మీద అక్షరాలు తిరగబడతయి. తెలుగు అక్షరం తిరగబడితే షాపులో టీ తెచ్చే పిల్లగాడు కూడా చెప్తడు. గోండి అక్షరం తిరగబడితే ఎవరు చెప్తరు?

పోయినేడు వేరే షాపు నుంచి మా ఊరి కుర్రాళ్లు టీషర్టులు తెచ్చుకున్నరు. మీద కుమ్రం భీం బొమ్మ, కింద గుంజాల గోండి లిపిలో ఊరి పేరు. అందరం వేసుకుని ఫొటోలు దిగినం. లిపి నేర్చుకుంటున్న ఆరో తరగతి పిల్ల వచ్చి, "దాదా, ఇది ఉల్టా ఉన్నది" అన్నది. అప్పటిదాకా అంతమందిలో ఒక్కరికీ తెలియలేదు. ఆ రాత్రే ఆ పిల్ల నోటుబుక్కు అడిగి తీసుకున్న. ఇప్పుడు మెల్లగా చదువుత.

నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటొచ్చింది. నోటో ఫాంటు ఉచితంగానే దొరుకుతది. కంప్యూటర్ రాస్తది, కట్టర్ కోస్తది. కానీ కట్టర్‌కు అక్షరం తెలియదు, అంచు ఒక్కటే తెలుసు. చదివే పని మనదే.

కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడు లిపి వచ్చిన ఒకరిని వెంట తీసుకుపోండి. ప్రెస్‌లో పెట్టకముందు ప్లాస్టిక్ వైపు నుంచి చదివించండి, సరిగ్గా కనబడాలి. అట్లాంటి ఒక్కరు మీ హాస్టల్లో లేకపోతే, టీషర్టు కన్నా ముందు ఆ పని మొదలుపెడదాం. నా దగ్గరున్న నోటుబుక్కు ఫొటోలు అడిగినోళ్లకు పంపిస్త.