గుడ్డు ఖరీదు

భూతాల సినిమాను గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. రబ్బరు తొడుగులో దూరిన మనిషి బొమ్మల నగరాన్ని తొక్కుతూ పోవడం పిల్లలకు వినోదమే గాని, విమర్శకు తగిన వస్తువు కాదన్న అభిప్రాయం మనలో బలంగానే వున్నది. అట్లాంటివారిని తర్కంతో ఒప్పించే వోపిక నాకు లేదు. 1964లో తోహో సంస్థ తీసిన ‘మోత్రా, గాడ్జిల్లా పోరు’ అనే చిత్రంలో గుడ్డుకు వెల కట్టే ఘట్టం ఒక్కటి చూడమంటాను.

తుఫాను వెలిశాక బ్రహ్మాండమైన గుడ్డు ఒకటి జాలరిపల్లె వొడ్డుకు కొట్టుకొస్తుంది. శాస్త్రజ్ఞుడు దాన్ని పరీక్షించబోతూ వుంటే కుమయామా అనే వ్యాపారి వచ్చి, పల్లెవాళ్ళ దగ్గర దాన్ని తాను కొనేశానంటాడు. ధర యెట్లా తేల్చాడు? ఆ గుడ్డు యెన్ని కోడిగుడ్ల పెట్టో లెక్కవేసి, కోడిగుడ్డు టోకు ధరతో హెచ్చవేశాడు! మారకపు విలువ అంటే యేమిటో బోధించడానికి ఆర్థికశాస్త్రం మేష్టర్లకు ఒక టర్ము పడుతుంది. దర్శకుడు ఇషిరో హోండాకు అర నిమిషం చాలింది. గుడ్డు చుట్టూ ప్రదర్శనశాల లేస్తుంది. కుమయామా వెనుక తొరాహటా అనే ధనికుడున్నాడు. గుడ్డు తమ దీవిదనీ, తిరిగి ఇవ్వమనీ అరచేతిలో పట్టేంత అక్కచెల్లెళ్ళిద్దరు వచ్చి ప్రాధేయపడితే, ఆ అక్కచెల్లెళ్ళనే అమ్మమని బేరం పెడతారు వీళ్ళు.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో హాస్టల్లో చూసింది అమెరికా ప్రేక్షకుల కోసం తయారైన ప్రతి. అందులో అమెరికా యుద్ధనౌకలు వచ్చి గాడ్జిల్లా మీద క్షిపణులు పేలుస్తాయి. ఈ సెలవుల్లో జపాను ప్రతి చూశాను. దానిలో ఆ నౌకలు లేవు. అవి లేనందువల్ల కథకు కలిగిన లోటేమీ నాకు కనబడలేదు.

గాడ్జిల్లా పుట్టుక తెలిసినదే. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ బూడిద ‘ఐదవ ఫుకుర్యూ మారు’ అనే జపాను చేపల పడవలో వున్న 23 మంది మీద పడింది. వారిలో ఒకడు సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరులో మొదటి ‘గాడ్జిల్లా’ విడుదలయింది. 1955 జనవరిలో అమెరికా 20 లక్షల డాలర్లు ఇచ్చి లెక్క తేల్చుకున్నది, అదీ చట్టరీత్యా తనకు బాధ్యత వున్నదని ఒప్పుకోకుండానే. కోడిగుడ్ల లెక్క నవ్వు పుట్టించవచ్చు గాని, అట్లాంటి లెక్కలు సినిమాలోనే జరుగుతాయనుకోవడం పొరపాటు.

మోత్రా అనే మహా సీతాకోకచిలుక పుట్టింది ముగ్గురు సాహిత్యకారుల కలం నుంచి. షిన్‌ఇచిరో నకమురా, తకెహికో ఫుకునాగా, యొషియే హొత్తా కలిసి రాసిన కథే 1961 నాటి ‘మోత్రా’ చిత్రానికి మూలం. ఈ హొత్తా 1956లో ఢిల్లీలో జరిగిన ఆసియా రచయితల మహాసభకు వచ్చినవాడు. మన దేశంలో తనకు కలిగిన ఆలోచనలను మరుసటి యేడు పుస్తకంగా వేశాడు. 1964 చిత్రానికి రచన షిన్‌ఇచి సెకిజావాది.

ఇంతకూ ఈ చిత్రంలో అసలు సాహసం భూతాల పోరులో లేదు. గాడ్జిల్లా నగోయా నగరాన్ని ధ్వంసం చేస్తూ వుంటే విలేఖరి సకాయి, ఫొటోగ్రాఫరు జుంకో, శాస్త్రజ్ఞుడు మియురా మోత్రా సాయం అడగడానికి ఇన్‌ఫాంట్ దీవికి వెళతారు. అక్కడంతా బూడిద, యెముకలు. అణుపరీక్షలు ఆ దీవిని కాల్చివేశాయి. మా బతుకులు బుగ్గి చేసినవాళ్ళకు సాయం చేసేది లేదని దీవివాసులు తెగేసి చెబుతారు. బాంబు వేసింది జపాను కాదు. హిరోషిమాలో బాంబు పడింది జపాను మీదే. అయినా దీవివాసులు ఆ తేడా పాటించరు, సినిమా వాళ్ళను తప్పుపట్టదు. 1914 నుంచి 1944 దాకా మార్షల్ దీవులను యేలింది జపానే గదా! దెబ్బతిన్న జాతి, తనకంటె చిన్నవాళ్ళ కళ్ళకు తానెట్లా కనబడుతుందో చూసుకోవడం అరుదు. వినోద చిత్రాల్లో మరీ అరుదు. (దీవివాసులుగా వేసినవాళ్ళు వొంటికి రంగు పూసుకున్న జపాను నటులే; ఆ చూపుకు వున్న హద్దు అదే.)

ఆ దీవి కల్పితమే గాని దాని కష్టం కల్పితం కాదు. బికినీకి తూర్పున వున్న రోంగెలాప్ జనాన్ని, బూడిద రాలిన రెండు రోజులకు గాని తరలించలేదు. ప్రమాదం లేదని చెప్పి 1957లో తిరిగి పంపారు. సినిమా విడుదలయ్యేనాటికి వాళ్ళు ఆ నేల మీదనే బతుకుతున్నారు. 1985లో తమంతట తామే దీవి విడిచిపోయారు.

మా డిగ్రీ విద్యార్థులు కొందరికి ఈ చిత్రం చూపించాను. రబ్బరు తోక వూగినప్పుడల్లా నవ్వారు. దీవి ఘట్టం దగ్గర నవ్వులు ఆగిపోయాయి. అయిపోయాక ఒకమ్మాయి అడిగింది: “పోగొట్టుకున్నవాళ్ళనే మళ్ళీ ఇమ్మని అడగడమేమిటి సార్?” జుంకో చెప్పిన సమాధానం ఆమెకు గుర్తుచేశాను. చచ్చేవాళ్ళలో మంచివాళ్ళూ వున్నారు, చెడ్డవాళ్ళకు కూడా బతికే హక్కున్నది అంటుంది జుంకో. “అది సరే, గుడ్డు తీసుకెళ్ళిందా?” అన్నది ఆ పిల్ల. తీసుకెళ్ళలేదు. గుడ్డు తొరాహటా ప్రదర్శనశాలలోనే వున్నది. మానవత్వాన్ని గురించి జుంకో చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాని దొంగిలించిన సొత్తును దొంగల దగ్గరనే వుంచి, సొంతదారులను ఉదారంగా వుండమని కోరడానికి వచ్చింది.

ఇక్కడి నుంచి సినిమా తన ప్రశ్నకు తానే జంకిందని నా అభిప్రాయం. దీవివాసుల కోపం రెండు ఉపన్యాసాలతో చల్లారిపోతుంది. డబ్బు కోసం కుమయామా తొరాహటాను చావగొడతాడు, తొరాహటా అతన్ని కాల్చి చంపుతాడు, గాడ్జిల్లా వచ్చి హోటలు కూల్చితే తొరాహటా పోతాడు. ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. గుడ్డును కొనడానికి వీలు కల్పించిన చట్టానికి మాత్రం గీత పడదు. గాడ్జిల్లా ఆ దారిన రాకపోతే మరుసటి ఆదివారం ప్రదర్శనశాల తలుపులు తెరిచేవారే.

ముసలి మోత్రా వచ్చి పోరాడి, గుడ్డు మీద రెక్క కప్పి చనిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన రెండు పురుగులు ఇవా దీవి దాకా గాడ్జిల్లాను తరిమి, పట్టుదారం చుట్టి సముద్రంలో పడదోస్తాయి. ఆ దీవిలో చిక్కుకున్న బడిపిల్లలు ప్రాణాలతో బయటపడతారు. పని ముగించి పురుగులు అక్కచెల్లెళ్ళను తీసుకొని యీదుకుంటూ ఇంటిముఖం పడతాయి. వొడ్డున నిలబడ్డవాళ్ళు చేతులు వూపుతారు. బూడిద దీవిలో ఇంకా మిగిలివున్న చారెడు పచ్చదనం సంగతి యెవరూ యెత్తరు.