ఉమ్మడి యింటి కావలి

మా యింట పిల్లల చదువులకును, ఇంటిలెక్కలకును వాడుకొను కంప్యూటరునందు కొన్ని సంవత్సరములుగా డెబియన్ అను లినక్స్ వ్యవస్థ యున్నది. దీనికి మేము వెల యిచ్చినది లేదు. అమెరికాలో 1993వ సంవత్సరమున ఇయాన్ మర్డాక్ అను విద్యార్థి దీనిని ప్రారంభించి, తన ప్రియురాలగు డెబ్రా పేరును తన పేరుతో జతపరచి 'డెబియన్' అని నామకరణము చేసెను. నేడు అనేక దేశములందలి స్వచ్ఛందసేవకులు దీనిని పోషించుచున్నారు. లోకమున పలువురు వ్రాసిన వేలకొలది ప్రోగ్రాములను సేకరించి, ఒకదానితో నొకటి పొసగునట్లు చక్కజేసి, అందరకును ఉచితముగా నందించుటయే వారి పని. ఆ ప్రోగ్రాముల సోర్సుకోడును ఎవరైనను చదువవచ్చును.

ఇది విని మా స్నేహితురాండ్రు, "తలుపులు బార్లా తెరచిన యింట దొంగలు పడరా?" యని యడుగుచుందురు. ఇది తగిన ప్రశ్నయే. కాని పులిహోర చేయు విధము ఊరందరకు తెలిసినంత మాత్రమున మన వంటయింటి తాళపుచెవి ఊరందరి చేతిలో నుండదు గదా! డెబియన్ కోడును చదువుట కందరు నర్హులే. దాని భాండారమున క్రొత్తది చేర్చుటకు మాత్రము నియమితులకే యధికారము. అట్టివారు తామెవరో పాతసభ్యులకు రుజువుపరచుకొని, తమ డిజిటల్ ముద్రికను వారిచే ధ్రువపరపించుకొనవలెను. మా కంప్యూటరు క్రొత్త ప్రోగ్రామును దింపుకొనునప్పుడు భాండారపు ముద్ర సరియైనదో కాదో తానే పరీక్షించి, సరిపడనిచో హెచ్చరించును.

అయినను, ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మన పెద్దల మాట. 2024లో జరిగిన వృత్తాంతమును వినుడు.

ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రామొకటి కలదు. పెద్ద ఫైళ్లను కుదించుట దాని పని. డెబియన్‌లోనే గాక అనేక లినక్స్ వ్యవస్థలలోను అది యున్నది. దానిని చిరకాలముగా ఒక్క మనుష్యుడు తన తీరికవేళల, జీతము లేక, కనిపెట్టుకొని యుండెను. 2022లో ఆయన తన మనస్సు స్వస్థముగా లేదనియు, ఇది జీతము లేని పని యనియు బహిరంగముగనే చెప్పుకొనెను. అయినను, మునుపెన్నడు వినబడని పేర్లతో కొందరు, ఇంత యాలస్యమేమనియు, పనిని వేరొకరి కప్పగింపరాదా యనియు ఆయనను వేధించిరి. అదే కాలమున జియా టాన్ అను పేరుతో నొకరు మంచి సహాయకునివలె చేరి, రెండు సంవత్సరములకు పైగా పనిచేసి, నమ్మకము సంపాదించి, క్రొత్త కూర్పులను వెలువరించు నధికారమును పొందిరి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆ చేతిమీదుగా వచ్చిన 5.6.0, 5.6.1 కూర్పులలో ఒక దొడ్డిదారి దాగియుండెను. దూరమునుండి సర్వరులలో ప్రవేశించుటకు ఎస్.ఎస్.హెచ్. అను వాకిలి యొకటి కలదు. రహస్యపు చెవి గలవారు ఆ వాకిలిని దాటి లోపల తమ యిష్టము వచ్చినట్లు చేయుటకు పన్నిన కుతంత్రమది.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు వేరొక పరీక్ష చేయుచు, ఆ వాకిట ప్రవేశమునకు అర సెకండు ఎక్కువ పట్టుట గమనించి, కారణము వెదకి, 2024 మార్చి 29న లోకమునకు వెల్లడించెను. అప్పటికి ఆ కూర్పు డెబియన్ వారి పరీక్షాశాఖలలోనికి వచ్చియుండెను గాని, మావంటి గృహస్థులు వాడు స్థిరమైన కూర్పులోనికి రాలేదు. డెబియన్ వారు వెంటనే పాత ప్రోగ్రామును తిరిగి ప్రవేశపెట్టిరి.

ఈ వృత్తాంతమున మమ్ము మిక్కిలి కలచివేసినది దొంగ తెలివి కాదు. తాళము పగులలేదు, ముద్రలన్నియు సరిగనే యుండెను, అలసిన మనుష్యుని యొంటరితనమే దొంగకు దారియైనది. సోదరీమణులారా, ఇది మనకు తెలియని కథయా? పదిమందికి ఒక్క యిల్లాలు చాకిరి చేయు నిండ్లలో "ఇంకను కాలేదా?" యని యడుగువారే గాని చేయి కలుపువారు కనబడరు. అట్టి యింట సాయమునకు వచ్చిన చేతి నెవరు శంకింతురు? అలసినవారిని తప్పుపట్టుట న్యాయము కాదు. వారి శ్రమను అనుభవించుచు వారి నొంటరిగా విడిచినవారే దానికి బదులు చెప్పవలెను.

కావలికిని కావలి యుండవలెననుట నిజమే. ఒకే సోర్సుకోడునుండి వేర్వేరు చోట్ల తయారుచేసిన ప్రోగ్రాములు రవ్వంతయు భేదము లేక యున్నవా యని సరిచూచు పద్ధతిని డెబియన్ వారు 2013 నుండి పెంపొందించుచున్నారు. ఒకే ధాన్యపు రాశిని ఇద్దరు వేరువేరుగా కొలిచి లెక్క సరిచూచుకొనుట వంటిదిది. ఇట్టి యుపాయములు మేలైనవే. కాని పనివారి నాదుకొను బాధ్యత వీనితో తీరదు.

మా యింట రక్షణ సవరణలు వచ్చిన దినముననే చేర్చుకొందుము. పండుగ ఖర్చులలో కొంత మిగిల్చి ఇట్టి సేవకుల సంఘములకు పంపుదుము. లోపము కనబడినచో నిష్ఠురము లేక వివరముగా తెలుపుదుము. ధనమిచ్చుటకు గాని పనిచేయుటకు గాని వీలు లేనివారు, జీతము లేక పాటుపడువారిని తొందరపెట్టకుండుటయైనను చేయవచ్చును. ఉమ్మడి యింటి తలుపునకు అదియు నొక గడియయే.