బఫే భోజనానికి వెళుతున్నారా?

బంతిభోజనాలు తగ్గి, కంచం చేత్తో పట్టుకుని ఎవరి వడ్డన వారే చేసుకునే బఫే పద్ధతి మన పెళ్ళిళ్ళలోకి వచ్చి చాలాకాలమే అయింది. దాన్ని ‘బఫెలో పద్ధతి’ అని వేళాకోళం చేసినవారు కూడా అలవాటు పడిపోయారు. ఇప్పుడు తలకి ఇంత అని డబ్బు కట్టించుకుని, ఎంత కావాలంటే అంత తినమనే హోటళ్ళు కూడా పట్టణాల్లో వెలిశాయి.

అటువంటి హోటలుకి నేను మొదటిసారి వెళ్ళింది 2023 వేసవిలో. మా మేనల్లుడు మొదటి జీతం అందుకుని ఇంటిల్లిపాదినీ తీసుకువెళ్ళాడు. మా అక్కయ్య కూడా వచ్చింది. ఆవిడకి 68 ఏళ్ళు. మధుమేహం వచ్చి పన్నెండేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులు సరేసరి.

లోపల సుమారు నలభై రకాలు బారులు తీర్చి ఉన్నాయి. దూరం నించి చూడముచ్చటగానే ఉంది గాని, దగ్గరికి వెళ్ళేసరికి నా ఉత్సాహం చల్లారిపోయింది. పులావు గోరువెచ్చగా ఉంది. కూరల పాత్రల కింద మంటలు రెండుచోట్ల ఆరిపోయాయి. పెరుగన్నాన్ని ఐసు మీద పెట్టకుండా ఊరికే బల్లమీద వదిలేశారు. కోడికూర గరిటెతోనే ఒకాయన పనీరు కూర వేసుకుంటున్నాడు. అప్పటికి మధ్యాహ్నం రెండున్నర. “ఇవి ఎప్పుడు పెట్టారు బాబూ?” అని అడిగితే, “పన్నెండింటికండీ, మూడున్నర దాకా ఉంటాయి” అన్నాడు అక్కడి కుర్రాడు.

అక్కయ్య ఒకచేత కర్ర, ఒకచేత కంచంతో రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి కూర్చుండిపోయింది. “తలకి ఏడువందలమ్మా! అలా కూర్చుంటే ఎలా?” అని మేనల్లుడు నాలుగు రకాల మిఠాయిలు తెచ్చి ముందు పెట్టాడు. నేను వారిస్తూనే ఉన్నాను. కొడుకు మొదటి సంపాదన. తల్లి ఎలా కాదంటుంది? ఆ సాయంత్రం ఆవిడ రక్తంలో చక్కెర 312 చూపించింది. తగ్గి దారికి రావటానికి రెండురోజులు పట్టింది.

అసలు చిక్కంతా ఆ ‘తలకి ఏడువందలు’ అన్న మాటలో ఉంది. కట్టిన డబ్బు ఎంత తిన్నా తిరిగిరాదు. తిన్నది మాత్రం ఒంట్లోనే ఉంటుంది. పైగా రకాలు పెరిగితే తిండి పెరగటం మానవ సహజం. ఒకే రుచి తింటూంటే మొహం మొత్తుతుంది. కొత్త రుచి కనబడగానే ఆకలి మళ్ళీ లేస్తుంది. బార్బరా రోల్స్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 1981లో ప్రకటించిన ఒక పరిశోధనలో, నాలుగు రకాల శాండ్‌విచ్‌లు పెట్టినవారు ఒకే రకం పెట్టినవారికంటే మూడోవంతు ఎక్కువ తిన్నారు. కడుపు నిండిన కబురు మెదడుకి చేరటానికి ఇరవై నిమిషాలదాకా పడుతుంది. ఈలోగా రెండోసారి కంచం నింపేస్తాం.

రెండో ప్రమాదం నిలవ. 5 నించి 60 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య క్రిములు త్వరగా పెరుగుతాయి. అందుకే వేడి పదార్థం 60 డిగ్రీలకి పైన, చల్లనిది 5 డిగ్రీలకి లోపు ఉండాలి. ఈ రెండింటి మధ్యలో రెండు గంటలకి మించి ఉన్నదాన్ని ముట్టకపోవటమే క్షేమం. ముఖ్యంగా అన్నం. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా నిలవుంటే అవి పెరిగి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. తిన్న ఒకటి నించి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి.

కాబట్టి బఫేకి వెళ్ళేవారు ఈ జాగ్రత్తలు పాటించండి. పదార్థాలు పెట్టిన కొత్తలోనే వెళ్ళండి. కంచం తీసుకోకముందే ఒకసారి అన్నీ చూసి, నాలుగైదు రకాలు ఎంచుకోండి. పొగలు కక్కుతున్నవే వేసుకోండి. కోసి చాలాసేపైన పచ్చి ముక్కలకంటే ఉడికిన కూరలు నయం. మొదటి కంచం అయ్యాక పావుగంట కబుర్లు చెప్పుకుని, అప్పటికీ ఆకలి ఉంటేనే లేవండి. రక్తపోటు ఉన్నవారు అప్పడాలు, ఊరగాయలు తగ్గించాలి; రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు.

మధుమేహం ఉన్నవారు బఫే కోసమని ముందుపూట మాడకండి. మిఠాయి తిన్నామని సొంతంగా మాత్ర ఎక్కువ వేసుకోకండి, రెండూ ప్రమాదమే. పెద్దవారిని వరుసలో నిలబెట్టక, కూర్చోబెట్టి, వారికి ఏది పడుతుందో అడిగి, పిల్లలే కొంచెం కొంచెంగా తెచ్చి వడ్డించాలి.

ఇంటికి వచ్చాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా తాగించండి. నీళ్ళు కూడా ఇమడకపోయినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చెయ్యక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో అంతదాకా కూడా ఆగవద్దు.